వావి లేని వరస

ఆ ఆఫీసులో అందరూ ఆయన్ని ఇస్త్రీ సారు అనేవాళ్లు, ఆయన వినని చోట. చొక్కాకి ముడత ఉండదు, ప్యాంటు మీద గీత చెరగదు. అది ఆయన ఇష్టం, దాంతో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆయన ఆ ఇస్త్రీ పెట్టెని తెచ్చి అందరి కోడ్ మీదా పెట్టడంతోనే వచ్చింది.

ప్రోగ్రామర్లు రాసిన ప్రతి లైనునీ లోపలికి పోనిచ్చే ముందు లింటర్ అనే ఇంకో ప్రోగ్రామ్ చూస్తుంది. అది చేసేది బియ్యంలో రాళ్లు ఏరే పని. ఇస్త్రీ సారు చేతిలో పడ్డాక అది రాళ్లని వదిలేసి, గింజలన్నీ ఒకే వైపు తిరిగి పడుకున్నాయా లేదా అని చూడటం మొదలుపెట్టింది. ఎక్కడ ఖాళీ వదలాలి, ఏ బ్రాకెట్ ఏ లైనులో మూయాలి, పేరు ఎంత పొడవుండాలి, అన్నిటికీ ఒక్కో రూలు. రూలు పెట్టిన ప్రతిసారీ ఆయన మొహం కొత్త పెళ్లికొడుకు మొహంలా వెలిగేది.

ఈసారి ఆయన కన్ను రెజెక్స్ మీద పడింది. రెజెక్స్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఏ మాట కనిపిస్తే పట్టుకోవాలో మెషీన్‌కి చెప్పి పెట్టుకోవడం, అంతే. పిల్లి లేదా కుక్క లేదా ఎలుక అని రాస్తే, మెషీన్ ఆ వరసలోనే వెతికి, మొదట ఏది కుదిరితే దాన్ని పట్టుకుని, ఇక నా పని అయిపోయిందంటుంది. ఒక్కొక్కరు ఒక్కో వరసలో రాస్తున్నారని, చూడటానికి సంతలా ఉందని ఇస్త్రీ సారుకి నిద్ర పట్టలేదు. ఇక మీదట రెజెక్స్‌లో మాటలన్నీ అక్షరక్రమంలోనే ఉండాలని రూలు రాశాడు. దానికి 'వరస' అని పేరు కూడా తనే పెట్టాడు.

ఆ రూలు విని లోలోపల ఉలిక్కిపడింది నిదానం ఒక్కతే. నిదానం అంటే ఆమె అసలు పేరు కాదు. ఏ కోడ్ చూపించినా సరేనని వెంటనే అనదు, ఒకసారి చూసి చెబుతానంటుంది. అందుకని ఆ పేరు తగిలించారు. ఆ ఆఫీసు అమ్మేది, పగటిపూట పిల్లల్ని చూసుకునే క్రెష్‌లకి గేటు సాఫ్ట్‌వేర్. పిల్లల్ని చేర్చేటప్పుడు 'సాయంత్రం అమ్మమ్మగారు వస్తారు', 'మా తాతయ్యకి అప్పగించండి' అని తల్లిదండ్రులు తోచినట్టు రాస్తారు. అందులోంచి చుట్టరికం పట్టుకుని గేటు దగ్గర తెర మీద చూపించే రెజెక్స్ నిదానం రాసిందే. పొడుగు మాటలు ముందు, పొట్టివి తర్వాత పెట్టి జాగ్రత్తగా రాసింది. మాట అక్కడితో ఆగిందో లేదో చూడమని మెషీన్‌కి చెప్పడానికి వీల్లేదు, మన భాషలో ఏ మాటా ఒంటరిగా నిలబడదు. గారూ, కీ, తో ఏదో ఒకటి వెనక అంటుకునే ఉంటుంది.

సమావేశంలో ఆమె చెయ్యెత్తి ఆ సంగతే చెప్పింది. అక్షరక్రమంలో పెడితే అమ్మ ముందుకొస్తుంది సార్, అమ్మమ్మ వెనక్కి పోతుంది, అమ్మమ్మని చూసిన మెషీన్ మొదటి రెండక్షరాలకే అమ్మ అని పట్టుకుని ఆగిపోతుంది, నాన్నమ్మ నాన్న అయిపోతుంది అంది. ఇస్త్రీ సారు ఓపిగ్గా విన్నాడు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే వాళ్లు నిజానికి చాలా ఓపిగ్గా వింటారు, వినడానికి ఖర్చేమీ లేదు కనక.

"చుట్టరికాలు ఇంట్లో చూసుకోండమ్మా. ఇక్కడ అక్షరాలు," అన్నాడాయన.

అందరూ నవ్వారు. రూలు పాసైంది. లింటర్ తనంతట తనే కోడ్ మొత్తం తిరిగి సర్దేసింది. సర్దిన తర్వాత, కోడ్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు కొన్ని ఫెయిలయ్యాయి. 'నాన్నమ్మ' రావాల్సిన చోట 'నాన్న' వస్తోందని అవి ఎర్రగా మొరపెట్టుకున్నాయి. ఇస్త్రీ సారు వాటినీ సర్దాడు. రావాల్సినది 'నాన్న' అని దిద్దాడు. అన్నీ పచ్చగా మారాయి. తప్పు దొరికినప్పుడు తప్పుని దిద్దేవాళ్లు కొందరు, పట్టించినదాన్ని దిద్దేవాళ్లు కొందరు. ఆయన ఏ కోవో వేరే చెప్పక్కర్లేదు.

నిదానం భయానికి కారణం ఆఫీసులో లేదు, ఇంట్లో ఉంది. వాళ్ల పాప వెళ్లే క్రెష్ గేటుకి ఉన్నదీ ఈ సాఫ్ట్‌వేరే. పాపని రోజూ తీసుకొచ్చేది వాళ్ల అత్తగారు. ఆవిడ ఒకప్పుడు బట్టలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. కొలత టేపు మెడలో వేసుకుని ఎవరినైనా కింది నుంచి పైకి చూసే అలవాటు ఇంకా పోలేదు. మాట పడదు, మాట అనడానికి మాత్రం వెనకాడదు. ఆవిడ్ని ఈ పనికి ఒప్పించడానికి కొడుక్కీ కోడలికీ తలప్రాణం తోకకొచ్చింది. కొడుకుది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. పెట్టుకున్న మనుషులు నిలవలేదు. అత్తగారు రానంటే కోడలు ఉద్యోగం మానాలి. ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు, అత్తగారికి ఇంకాస్త బాగా తెలుసు.

కొత్త కోడ్ క్రెష్‌లకి వెళ్లిన మధ్యాహ్నమే నిదానం ఫోను మోగింది.

"ఏమ్మాయ్, నేను నీ మొగుడికి అమ్మనా, నీ కూతురికి నాన్ననా? తేల్చుకుని చెప్పు. ఇక్కడ నిలబడే ఉంటాను."

గేటు మనిషి చెడ్డవాడు కాదు. తెర మీద ఏది కనిపిస్తే దానికి జీతం తీసుకునేవాడు. తెర మీద 'నాన్న' అని ఉంది, ఎదురుగా నాన్న లేడు. రోజూ చూసే పెద్దావిడేనని అతనికి తెలుసు. తెలుసునని అప్పగిస్తే రేపు ఉద్యోగం ఉండదనీ తెలుసు. నాన్నగారిని పంపండి అన్నాడు. నేను నాన్నమ్మనయ్యా అని ఆవిడ చెబితే, నాన్న అన్నదాకా సరిపోయిందమ్మా, మిగతాది తెర మీద లేదు అన్నాడు. పక్కన ఇంకో పెద్దావిడ, మెషీన్ తనని అమ్మ అందని మురిసిపోయి, మనవణ్ణి చంకనేసుకుని చకచకా వెళ్లిపోయింది. అది చూసి అత్తగారికి పుండు మీద కారం చల్లినట్టయింది.

నిదానం ఉన్నపళంగా లేచి వెళ్లేసరికి పాప చెప్పుల స్టాండు పక్కన కూర్చుని ఉంది. గేటుకి ఇవతల నాన్నమ్మ, అవతల మనవరాలు. ఇద్దరూ ఒకేలా మూతి ముడుచుకున్నారు. దారి పొడవునా అత్తగారు మాట్లాడలేదు. ఆవిడ తిడితే భయం లేదు, తిట్టకపోతేనే భయం.

మర్నాడు పొద్దున్నే నిదానం 'నాన్నమ్మ'ని 'నాన్న' ముందుకి జరిపింది. వరస తప్పింది అంటూ లింటర్ వెనక్కి కొట్టింది. 'నాన్న' వెనకాల 'మ్మ' ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు అని తోక తగిలించి చూసింది. తోకలు కూడదని ఇస్త్రీ సారు ఏనాడో పెట్టిన రూలు ఒకటుంది, అది పట్టుకుంది. ఈ ఒక్క లైనుని వదిలెయ్యమని లింటర్‌ని బతిమాలాలంటే ఇస్త్రీ సారు అనుమతి కావాలి. ఆయన దగ్గరికే వెళ్లింది.

అప్పటికి ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒక క్రెష్‌లో తాతయ్యని తాత అని చూపించినందుకు ఆయన చిన్నబుచ్చుకుని ఇంటికెళ్లిపోయాడు. ఇంకో చోట ఒక బాబుకి ఇద్దరు అమ్మలు తేలి, అసలు అమ్మనే రెండో అమ్మగా నిలబెట్టి ప్రశ్నలడిగారు. వావివరసలు లేకుండా పోయాయని జనం తిడుతుంటే, వరస ఉందని ఇస్త్రీ సారు స్క్రీన్ చూపిస్తున్నాడు. రూలులో తప్పు లేదు, జనం రాసే మాటల్లోనే ఉంది అని ఆయన నిదానానికి తేల్చి చెప్పాడు. ఒక మాట కడుపులో ఇంకో మాట ఉండటమే అసలు రోగమట. దానికి మందు కూడా ఆలోచించి పెట్టాడు. అలాంటి మాటలన్నీ తీసేసి, వాళ్లందరినీ 'ఇతరులు' అని నమోదు చేసుకోమని క్రెష్‌లన్నిటికీ ఆ పూటే కబురు వెళ్లిపోయింది. గేటు దగ్గర ఇక గొడవ ఉండదు, ఇతరులు ఎవరైనా కావచ్చు కదా అని ఆయన ధీమా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఏమిటో ఆఫీసంతా కళ్లారా చూసింది, చూసి బావుందంది.

సాయంత్రం ఆ సంగతి అత్తగారికి చెప్పక తప్పలేదు. క్రెష్ వాళ్లు తనతో అన్నది అన్నట్టు చెప్పింది నిదానం, నేల చూపులు చూస్తూ. రేపటి నుంచి గేటు దగ్గర ఆపరని, తెర మీద ఆవిడ పేరు ఎదురుగా ఇతరులు అని వస్తుందని, చూడనట్టు వచ్చెయ్యమని.

అత్తగారు పాప గౌనుకి గుండీ కుడుతోంది. దారం తెంపి, సూది గుచ్చి, అప్పుడు మాట్లాడింది.

"నాన్న అన్నారు, పోనీలే అని నవ్వుకున్నాను. కష్టపడి కొడుకుని పెంచినదాన్ని, ఆ మాట నాకు చెల్లుతుంది. ఇతరురాలినై మాత్రం ఆ గేటు దాటను. నీ కూతుర్ని నువ్వే తెచ్చుకో అమ్మాయ్."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపముంటే కాళ్లావేళ్లా పడొచ్చు. నిదానానికి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కొంత, అంత పెద్ద మనిషిని పట్టుకుని పరాయిదాన్ని చేశామే అని ఎక్కువ. పైగా ఆ పని చేసిన మెషీన్‌కి మాటలు నేర్పింది తనే. ఆ సిగ్గు ఆమెని తినేసింది.

తెల్లారి ఆఫీసుకి వెళ్లి, లింటర్ రూలులన్నీ ఉండే ఫైలు తెరిచింది. దానికి తాళమేమీ లేదు. ఎవరైనా ముట్టుకుంటారని ఎవరికీ తట్టలేదు గనక వెయ్యలేదు. 'వరస' అన్న రూలుని తీసేసింది. చుట్టరికాలని మళ్లీ పెద్దవాళ్లు ముందు, చిన్నవాళ్లు వెనక నిలబెట్టింది. 'ఇతరులు' అయినవాళ్లందరినీ పాత మాటల్లోకి తీసుకొచ్చింది. దిద్దిన పరీక్షలని మళ్లీ దిద్ది, క్రెష్‌లకి పంపేసింది. ఏ పనైనా ఒకసారి చూసి చెబుతాననే మనిషి ఆ రోజు మాత్రం ఎవరికీ చూపించలేదు, ఎవరికీ చెప్పలేదు.

కాసేపటికి ఇస్త్రీ సారు వచ్చాడు. చొక్కాకి ముడత లేదు గానీ మొహం నిండా ముడతలే.

"నా రూలు ఏ హోదాలో తీశారు?"

"కోడలి హోదాలో సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. విచారణ జరిగేదాకా ఇంట్లో ఉండమని చెప్పి పంపించారు. రూలుని మాత్రం ఎవరూ తిరిగి పెట్టలేదు, ఎందుకంటే ఫోన్లు మోగడం ఆగిపోయింది. పైవాళ్లకి మోగని ఫోనుకన్నా మంచి నివేదిక లేదు. ఫోన్లు ఆపిన ఘనత ఎవరిదో విచారణలో తేలుతుందని, అది తనదేనని ఇస్త్రీ సారు అప్పటికే ఒక నివేదిక రాస్తున్నాడు.

నిదానం ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ తగ్గలేదు. ఇంత తొందరగా వచ్చావేమని అత్తగారు కింది నుంచి పైకి చూసింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది కోడలు. మీరు వస్తే నా ఉద్యోగం నిలుస్తుందని కాదు అత్తయ్యా, మీరు రాకపోయినా సరే, ఇతరులన్న మాట మాత్రం అక్కడ ఉండకూడదనిపించింది అంది. ఉద్యోగం కోసం అత్తగారు కావాల్సి వచ్చిన మనిషి, అత్తగారి కోసం ఉద్యోగానికి నీళ్లొదులుకుని వచ్చింది.  అత్తగారు లేచి వెళ్లి మొహం కడుక్కుని, చెప్పులేసుకుని, పద అంది.

గేటు దగ్గర ఆ మనిషే ఉన్నాడు. తెర మీద 'నాన్నమ్మ' అని మూడక్షరాలూ పొల్లు పోకుండా వచ్చాయి. అతను కూడా ఊపిరి పీల్చుకుని, ఒక పిల్లకి ఒకరే లోపలికి వెళ్లాలి కాబట్టి పెద్దావిడని రమ్మని, పక్కనున్న నిదానాన్ని, తెలిసిన మొహమే అయినా, ఆపాడు.

"మీరేమవుతారమ్మా?"

నిదానం నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"నా కోడలు."

అతను తెరని కిందికీ పైకీ జరిపి చూశాడు. ఆ మాట ఇందులో లేదమ్మా అన్నాడు.

"ఉండదు నాయనా. అది నేను చెప్పాలి," అని అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని గేటు దాటించింది.