మూడో రోజు బుట్ట

"బాతుపిల్లల బుట్ట నీళ్ళలో దించడానికి కూడా నిన్నడగాలా?" అని నవ్వాడు బావోగెన్, గట్టు మీద సిగరెట్ కాలుస్తున్న మేనమామ వైపు చూస్తూ.

అడగమని అతని భార్య చున్‌యే అనలేదు. ఉత్తరపు గాలి తిరిగింది, ఇంకో రెండు రోజులు ఆగండి అంది, అంతే. పొద్దున లేవగానే ఆ మాట ఆమెకి చెప్పినవి వేలి కణుపులు. కూతురు పుట్టినప్పుడు బాలింతరాలు నెలంతా పరుపు దిగకూడదని ఊరంతా పాటించే పద్ధతి ఆ ఇంట్లో పన్నెండో రోజుకే ఆగిపోయింది. "ఆడపిల్లని కని నెలంతా పడుకోవాలా ఏం? బుట్టలు కడగాలి, లే" అంది అత్త. ఫిబ్రవరి నెల కాలవ నీళ్ళలో బుట్టలు కడిగిన ఆ వేళ్ళు తొమ్మిదేళ్ళుగా గాలి మారేముందు సలుపుతూనే ఉన్నాయి. నీకు చలేస్తోందా అని ఆ రోజు ఎవరూ అడగలేదు. తనూ చెప్పలేదు.

బాతుపిల్లలకి మూడో రోజు నీళ్ళు చూపించడం మామగారి నాటి ఆచారం. వెదురు బుట్టలో పెట్టి, కాళ్ళు తడిసేదాకా కాలవలో దించి తీసెయ్యాలి. ఆ బుట్ట పట్టేది మగవాళ్ళే. మూడో రోజన్నది అందరికీ గుర్తుంది. దించేముందు మామగారు మెట్టు మీద కూర్చుని మోచెయ్యి నీళ్ళలో పెట్టి చూసేవాడనీ, ఎండ లేకపోతే ఆరో రోజుకైనా జరిపేవాడనీ గుర్తున్నది చున్‌యేకి ఒక్కదానికే. గుమ్మంలో చీపురు పట్టుకుని చూసినదాన్ని ఎవరు లెక్కపెడతారు?

"చూడు మావయ్యా, ఎలా ఈదుతున్నాయో!" అంటూ బావోగెన్ బుట్టని ఇంకా కిందికి ముంచాడు.

తల్లి బాతు లేకుండా, గుడ్లు పొదిగించే వెచ్చని గదిలో పుట్టిన పిల్లలవి. ఈకలకి తల్లి ఒంటి నూనె అంటలేదు. నలభై పిల్లలూ తడిసిన దూదిలా అయిపోయి, ఒకదాని మీదొకటి ఎక్కుతూ కీచుమన్నాయి. చలికి అరిచే అరుపది. ఆకలి అరుపు వేరు. చున్‌యే బుట్ట లాక్కుని లోపలికి పరిగెత్తింది. పొడిగుడ్డతో ఒక్కోదాన్నీ అద్ది, నలిగిపోకుండా పదేసి చొప్పున గడ్డి బుట్టల్లో సర్దింది. వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. పైన కప్పడానికి పెట్టెలోంచి అత్త దాచుకున్న కొత్త బొంత తీసింది.

"అయ్యో, నా బొంత!" అంది అత్త.

ముప్పై తొమ్మిది కుదుటపడ్డాయి. ఒకటి మాత్రం మెడ వేలాడేసింది. దాని కాళ్ళు మంచు పుల్లల్లా ఉన్నాయి.

"దాన్ని పిల్లికి పడెయ్. మా తమ్ముడు అన్నానికి కూర్చున్నాడు, కనిపించడం లేదూ?" అంది అత్త.

"పొయ్యి పక్కన పెట్టి వంట చూసుకోవే" అన్నాడు బావోగెన్.

"పొయ్యి పక్కన పెడితే పైన మాడుతుంది. లోపలి చలి లోపలే ఉంటుంది" అంది చున్‌యే. దూదికోటు గుండీలు విప్పి, పిల్లని రొమ్ముల మధ్య ఒంటికి ఆనించుకుని, ముక్కు బయటికి ఉండేలా కోటు కప్పి పీట మీద కూర్చుంది. తన వేడి దానిలోకి పోతుంటే దాని చలి తనలోకి వస్తున్నట్టుంది. రానీ అనుకుంది. అలవాటైన చలే కదా. ఆ పన్నెండో రోజు ఎవరైనా తనని ఇలా ఒక్క పూట పట్టుకుని కూర్చుంటే ఎలా ఉండేదో అనిపించింది. ఏడుపు రాలేదు. ఇక ఎవరు పిలిచినా లేవకూడదనిపించింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి మధ్యాహ్నానికి ఆ పొయ్యి వెలగలేదు. మేనమామ మూడోసారి టీ తాగాడు. చివరికి అత్తే గొణుక్కుంటూ పుల్లలు విరిచింది.

అన్నం ఉడికే వేళకి రొమ్ము మీద ఏదో గీరినట్టయింది. కాలి గోరు! కాసేపటికి మెడ నిలబడింది. అప్పుడు గోరువెచ్చని పంచదార నీళ్ళు వేలికొసతో ముక్కు పక్కన ఒక్కో చుక్కే అద్దింది. పిల్ల మింగింది. తల విదిలించి, కోటులోంచి మొహం బయటపెట్టి కీచుమని కసిరింది.

"ఓరి దీని దుంప తెగ! బతికిందే!" అని మేనమామ చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. "ఈ పని నీకెవరు నేర్పారమ్మాయ్?"

"దీని మామగారే, ఇంకెవరు" అంది అత్త.

"ఎవరూ నేర్పలేదు. నేనే చూసి నేర్చుకున్నాను" అంది చున్‌యే.

ఆరో రోజు ఎండ కాసింది. కణుపులు సలపలేదు. బావోగెన్ నిద్ర లేచి వచ్చేసరికి ఆమె కాలవ మెట్టు మీద కూర్చుని మోచెయ్యి నీళ్ళలో పెట్టి ఉంది, పక్కన బుట్ట, బుట్టలో నలభై పిల్లలు.

"ఇటివ్వు" అని అతను చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. "బియ్యం కడిగి పెట్టాను. వెళ్ళి పొయ్యి వెలిగించండి" అంది. అతను అత్త వైపు చూశాడు. అత్త బొంత ఎండేసుకుంటూ అటు తిరిగింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని లోపలికి వెళ్ళాడు.

చున్‌యే బుట్ట దించింది. కాళ్ళు తడిసేంత వరకే.

అవతలి గట్టున బట్టలు ఉతుకుతున్న పొరుగావిడ కేకేసింది. "ఏమ్మా, బావోగెన్ బాతులు ఇవాళ నీళ్ళు చూశాయా?"

"బావోగెన్ వంట చేస్తున్నాడక్కా!" గొంతెత్తి చెప్పింది చున్‌యే. "ఇవి నా బాతులు."