రంగూన్ ఉత్తరాల పెట్టె

కైకలూరు బస్సు ఎక్కేసరికే హిదాయతుల్లాకు సగం ఓపిక అయిపోయింది. అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లు బస్సు మెట్టును చూడగానే మొరాయిస్తాయి. అయినా ఏలూరు పవర్‌పేటలో గొడుగులు బాగుచేసే తన కొట్టుకు తాళం వేసి, ప్రభావతి గారిచ్చిన కార్డు జేబులో పెట్టుకుని మరీ బయల్దేరాడు.

ప్రభావతి గారిది హైదరాబాదులో పాత కాగితాలు భద్రపరిచే సంస్థలో ఉద్యోగం. రంగూన్ వలసపోయినవాళ్లు ఇళ్లకు రాసిన ఉత్తరాల కోసం ఊళ్లు తిరుగుతూ కొట్టుకు వచ్చింది. "మీ నాన్నగారి ఉత్తరాలు మాకిస్తే పాడవకుండా దాస్తామండి. ఉర్దూ వచ్చినవాళ్ల చేత చదివించి, తెలుగులో రాసి మీకు పంపుతామండి" అంది. దాచడం సంగతి ఎలా ఉన్నా, చదివిస్తామన్న మాట దగ్గర ముసలాయన మనసు చిక్కుకుపోయింది.

నాన్న రంగూన్ ఓడ ఎక్కేనాటికి హిదాయతుల్లా ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. మూడేళ్లు ఉత్తరాలొచ్చాయి. ఆ తర్వాత యుద్ధమొచ్చింది, నాన్న రాలేదు. కొడుకు పుట్టాడని, ఈ పేరు పెట్టామని అమ్మ రాయించిందట. అది ఆయనకు చేరిందా? కనీసం తన పేరైనా నాన్నకు తెలుసా? ఆ ఒక్కటీ తెలియకుండానే ఇంత ముసలివాడయ్యాడు. నాన్న ఊసెత్తితే అమ్మ ఆ పూట అన్నం మానేసేది. అందుకని ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ పోయినా ఆ అలవాటు పోలేదు. హిదాయతుల్లాకు ఉర్దూ మాట్లాడటమేగాని చదవడం రాదు, చదువుకున్నది తెలుగు బడిలో. అమ్మకు రాసిన ఉత్తరాలు పట్టుకెళ్లి పరాయివాళ్ల చేతిలో పెట్టడానికేమో సిగ్గు. చదివిద్దాంలే, చదివిద్దాంలే అనుకుంటూనే ఏళ్లన్నీ దొర్లించేశాడు మహానుభావుడు.

ఉత్తరాలున్న రేకుపెట్టె కైకలూరులో అక్క మరియంబీ దగ్గరుంది. ఆవిడ అతనికన్నా ఆరేళ్లు పెద్ద. తమ్ముడు వెళ్లేసరికి అరుగు మీద చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. మంచినీళ్లిచ్చింది, టీ ఇచ్చింది, మోకాళ్ల గురించి అడిగింది. అతను పెట్టె అడిగాడు.

"పెట్టె ఉంది గాని, ఉత్తరాలు లేవురా" అంది మరియంబీ. "కొల్లేరు పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చాయి చూడు, ఆ ఏడే సాగనంపేశాను."

"సాగనంపడమేంటి ఆపా?"

"పాత ఖురాన్ కాగితాలూ అందులోనే పెట్టానుగా. అన్నీ తడిసి ముద్దైపోయాయి. ఏది ఏదో నా కళ్లకేం ఆనుతుంది? పోనీ నాన్నవి విడిగా తీద్దామన్నా, ఆయన ప్రతి ఉత్తరం పైనా బిస్మిల్లాకు బదులుగా ఏడువందల ఎనభయ్యారు అంకె వేసేవారు. దేవుడి పేరుతో మొదలెట్టిన కాగితం చెత్తకుప్పలో ఎలా పారేస్తాన్రా? తెల్లగుడ్డలో మూటగట్టి, రాయి కట్టి, పడవ మీద తీసుకెళ్లి లోతు నీళ్లలో వదిలిపెట్టించాను. దువా కూడా చేశాను."

హిదాయతుల్లాకు కోపం రావాలి. వస్తే బావుండేది. కానీ ఏమని కోప్పడతాడు? దారిలో ఉర్దూ అక్షరాలున్న చిత్తుకాగితం కనబడితే తానూ వంగి తీసి, కళ్లకద్దుకుని, కొట్లో ఎత్తయిన అరలో పెడతాడు. అందులో రాసింది బట్టల కొట్టు ప్రకటనో ఏమో, తనకేం తెలుసు. అక్క స్థానంలో ఉంటే తానూ అదే చేసేవాడు. అరుగు మీదే గోడకు చేరబడ్డాడు.

"ఆపా, అప్పట్లో మసీదు మౌలానా గారు అమ్మకు ఆ ఉత్తరాలు చదివి వినిపిస్తుంటే నువ్వు పక్కన కూర్చుని వినేదానివి కదా. నాన్న నా పేరు రాసేవారా?"

మరియంబీ చెయ్యి చేటలో ఆగింది. మళ్లీ కదిలింది.

"ఎందుకు రాయరు? ప్రతి ఉత్తరం చివరా రాసేవారు. హిదాయత్‌ని చలిగాలిలో తిప్పకండి అని" అంది తలెత్తకుండా.

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడగబోయి మానేశాడు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది. అది నిజంగా విన్నదో, తమ్ముడి మొహం చూసి అప్పటికప్పుడు అల్లిందో తేల్చాల్సిన కాగితాలు కొల్లేటిలో కరిగిపోయాయి. చీకటి పడకముందే ఇల్లు చేరాలని లేచాడు.

బస్టాండులో రూపాయి ఫోను దగ్గర నిలబడి కార్డు మీది నంబరు నొక్కాడు.

"ఉత్తరాలు లేవండీ. నీళ్లలో కలిసిపోయాయండి" అన్నాడు.

అవతల ప్రభావతి గారు నెమ్మదిగా అడిగింది. "పోనీ, వాటిలో ఏం రాసుందో ఇంట్లో ఎవరికైనా గుర్తుందాండీ? చెబితే మీ పేరు మీద రాసి దాస్తాం."

ఏలూరు బస్సు హారన్ కొడుతోంది. హిదాయతుల్లా ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"గుర్తుందండీ, మా అక్కయ్యకు" అన్నాడు. "మా నాన్నకు నా పేరు తెలుసండీ. చలిగాలిలో తిప్పొద్దని రాసేవారట. అది రాసుకోండి."