బొటనవేలయిన అప్పడాల కర్ర

నేను ఒక అప్పడాల కర్రను. నవ్వకండి! నా పేరెత్తగానే మీకు మొగుణ్ణి తరిమే పెళ్ళామే గుర్తొస్తుందని నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళలో నేను ఒక్క వీపు మీదా పడలేదు. నాది తుమ్మ చేవ. సిద్దిపేట అంగడిలో వడ్రంగి నన్ను చెక్కి నున్నగా చేస్తే, చంద్రవ్వ తల్లి గంటసేపు బేరమాడి కొన్నది. తర్వాత కూతురికిచ్చింది. కూతురితోపాటు నేనూ హైదరాబాద్ పాతబస్తీకి కాపురానికొచ్చాను.

చంద్రవ్వ భర్త ఈశ్వరయ్య నగలు గుచ్చుతాడు. ముత్యాలూ పచ్చలూ నగల కొట్టు సేటువి, మెడ ఇంకెవరిదో. పట్టుదారం ముడి మాత్రం ఈయనది. నేలమీద కూర్చుని, దారం కొసను ఎడమకాలి బొటనవేలికి తగిలిస్తాడు. కాలు చాపితే దారం బిగుస్తుంది, కాస్త ముడుచుకుంటే వదులవుతుంది. ఏ ముడికి ఎంత బిగువు కావాలో ఆ వేలికే తెలుసు. మనుషులు నగను పొగుడుతారు, మహా అయితే చేతిని పొగుడుతారు. కాలి వేలిని పొగిడినవాణ్ణి నేను చూడలేదు.

ఆ వేలినే షుగర్ తినేసింది. పుండు ముదిరితే ఆసుపత్రిలో తీసేశారు.

గాయం మానడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు సేటు ఏడు వరుసల హారం తెచ్చాడు. దాని పాత దారం చివికిపోయింది. "శుక్రవారం దాక చూస్త ఈశ్వరయ్యా. నీతోని కాదంటే చెప్పు, ఇంకొకలకిస్త," అన్నాడు. పాపం, మంచిగానే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది. ఈ హారం చేజారితే ఇక తన గడప ఎవరూ తొక్కరని ఈశ్వరయ్యకు తెలుసు.

మొదట గోడ మేకుకు కట్టాడు. మేకుకు పట్టే గాని విడుపు తెలియదు, దారం పుటుక్కుమంది. తర్వాత చంద్రవ్వ కొస పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆమెకు తుమ్మొచ్చింది. ముత్యాలు మంచం కిందికి, బియ్యం డబ్బా వెనక్కి పరుగెత్తాయి. ఇద్దరూ మోకాళ్ళమీద పాకి ఏరుకున్నారు.

"పోనీయవయ్యా, ఇంకేదన్న పని జూసుకుందాం," అంది చంద్రవ్వ.

"పోయింది నా వేలే! పని పోలేదు!" అని కసిరాడు.

అంతలో పీటమీదున్న నన్ను చూశాడు. తీసి అరికాలికి అడ్డంగా పెట్టుకున్నాడు. కాలు కదిలినప్పుడల్లా నేనూ కదిలాను. అయితే మరీ పొడుగైపోయాను, రెండో కాలికి తగులుతున్నాను. ఈశ్వరయ్య నన్ను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. గోటితో సరిగ్గా నా నడుమ్మీద ఒక గీత గీశాడు.

"అది మా అవ్వ కొనిచ్చింది," అంది చంద్రవ్వ. లేచి లోపలికి వెళ్ళింది. బతికానురా దేవుడా అనుకున్నాను. రంపంతో తిరిగొచ్చింది.

"ఇటియ్యి దాన్ని. ఇగో, నేనే కోస్త."

నొప్పేసిందా అంటారా? వేసింది. అయినా కళ్ళు తుడుచుకుంటూ కోసేవాళ్ళ మీద కోపం ఎలా వస్తుంది?

ఏళ్ళ తరబడి తాగిన నూనె పట్టుదారానికి అంటకుండా ఆమె నన్ను కుంకుడు రసంతో తోమి ఎండబెట్టింది. ఆయన కొసన చిన్న గాడి కోసి, పాత చీరపేలికతో నన్ను మెత్తగా కాలికి కట్టుకున్నాడు. మొదటిరోజు దారం రెండుసార్లు తెగింది. "నీకు బుద్ధి లేదా?" అని నన్నే తిట్టాడు. మూడోరోజుకు ఆయన తిట్టడం మానేశాడు, నాకు పని వచ్చింది.

శుక్రవారం సేటు హారాన్ని వేలికి తగిలించి ఎత్తాడు. ఏడు వరుసలూ ఒకదాని కింద ఒకటి చక్కగా జారాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

"నిజం చెప్పు, ఏ వేలికి కట్టినవ్?"

సేటు ముందు కాలు చాపడం బాగుండదని ఈశ్వరయ్య నన్ను విప్పి చేతికిచ్చాడు.

"అరె! ఇది రొట్టెల కర్ర గదా!" అని సేటు పగలబడి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నన్ను రెండు చేతులతో తిరిగిచ్చాడు. "సోమవారం ఇంకొకటి తెస్త."

నా రెండో సగం ఇంకా వంటింట్లోనే కొలువు చేస్తోంది. అందుకే ఆ ఇంట్లో చపాతీలు అరచేయంతకు మించవు. ఆ రాత్రి ఈశ్వరయ్య నాలుగోదానికి పళ్ళెం చాపాడు.

"డాక్టర్ రెండే తినుమన్నడు!"

"రెండు నిండువి తినుమన్నడే. ఇవి సగం కర్రయి."

చంద్రవ్వ నాకేసి ఒకసారి చూసి, నాలుగోది వేసింది.