భుజం వంచితే ఏడ్చే తీగ

రాయ్‌లీన్ భుజం వంచింది. తీగ కదల్లేదు.

అమెరికాలో బేకర్స్‌ఫీల్డ్ ఊళ్ళోని డాన్సు హాలు ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. గాయకుడు హోయ్ట్ ప్రూయెట్ తన బ్యాండుకు కొత్తవాళ్ళను పరీక్షించేది అప్పుడే. ఆయన బ్యాండులో స్టీల్ గిటారు వాయించేవాడు మానేశాడు. ఏడుపులా జారే ఆ వాద్యం జాలి స్వరాలు లేకపోతే ఆయన పాటల్లో ఉప్పూ కారం ఉండవు. వాటిని మామూలు గిటారు మీద పలికించగలిగినవాళ్ళకే ఆ చోటు. రాయ్‌లీన్ పలికించగలదు. కానీ యాభై దాటింది, బతుకంతా ఎవరో ఒకరి వెనకాల నిలబడి వాయించడంతోనే సరిపోయింది. ఈసారి తప్పితే ఇంకెవరూ పిలవరని ఆవిడకు బాగా తెలుసు.

ఆ స్వరాల కోసమే ఎప్పుడో గిటారు కడుపు తొలిపించి లోపల బెండర్ అనే పరికరం బిగించుకుంది. గిటారు మెడను కిందికి అదిమితే భుజం మీది పట్టీ లాగుతుంది, పట్టీ తగిలించిన బొడిపె పైకి లేస్తుంది, లోపలి కమ్మీలు రెండో తీగను సాగదీస్తాయి. అప్పుడా స్వరం ఏడుపు గొంతులా పైకి జారుతుంది. ఆ బొడిపె కదిలితేనే ఇదంతా.

మళ్ళీ అదిమింది. ఉహూఁ. గిటారు తిప్పి చూసింది. బొడిపె ఆడే గాడి నిండా పసుపుపచ్చ జిగురు పోసి ఉంది. అది గాజులా గట్టిపడిపోయింది. వేళ్ళు అలసిపోకూడదని పొద్దున్నుంచి గిటారు పెట్టె తెరవలేదు, ఇప్పుడు తెరిస్తే ఈ నిర్వాకం. ఒళ్ళు భగ్గుమంది.

"డ్వేన్, ఇలా రా."

ముందు బల్ల దగ్గర కూర్చున్న మొగుడు నవ్వుతూ లేచొచ్చాడు. "చూశావా? నిన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు చేశా. ఆ బొడిపె లొడలొడలాడుతోంది. ఎక్కడ ఊడి గిటారు కింద పడుతుందోనని భయమేసింది. ఇంక జన్మలో కదలదు."

"అది కదలాలి."

"బొడిపె కదలడమేంటే?"

"పెళ్ళయినప్పట్నుంచీ ముందు వరసలో కూర్చుంటున్నావు గదా. నా భుజం ఎందుకు వంగుతుందనుకున్నావు?"

డ్వేన్ పాపం నిజంగానే ఆలోచించాడు. "పాట ఊపులో వంగుతావనుకున్నా. ముచ్చటగా ఉంటుంది కూడా."

ముచ్చటట. వేళ్ళు కాయలు కాచేలా ఆవిడ నేర్చుకున్న విద్య ఈ మహానుభావుడికి ముచ్చట. ఇంట్లో కూడా ఇదే వరస. గాలి కోసం ఆవిడ తెరిచి ఉంచుకునే వంటింటి కిటికీ కిర్రుమంటోందని మేకులు కొట్టి మూసేశాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. ఒక్క ముక్క అడిగి చావడు, అంతే.

"ఏమ్మా," అన్నాడు హోయ్ట్ మైకు వదలకుండానే, "మొగుడూ పెళ్ళాల పంచాయితీ ఇంటికెళ్ళి పెట్టుకోండి. బయట ఇంకో మనిషి కాచుకొని ఉన్నాడు."

"కాచుకోనివ్వండి. ఎవరి దగ్గరన్నా స్క్రూడ్రైవర్ ఉందా?"

హోయ్ట్ వెనకాల కూర్చున్న డ్రమ్ములాయన తన పెట్టెలోంచి ఒకటి తీసిచ్చాడు. రాయ్‌లీన్ గిటారును నేల మీద పడుకోబెట్టి, మోకాలు ఆనించి, జిగురులోకి మొన దింపింది.

"ఆగాగు, చెక్క పగులుద్ది," అంటూ డ్వేన్ వంగాడు. "ఇంటికి తీసుకెళ్దాం, నిదానంగా నేను..."

"చెయ్యి పెట్టావంటే నీ వేళ్ళు నీకుండవు."

బూటు విప్పి దాని మడమతో స్క్రూడ్రైవర్ పిడి మీద కొట్టింది. రంగు పెచ్చులుగా లేచింది. చెక్క చీలింది. కన్నబిడ్డలా చూసుకున్న గిటారు అది. ఆవిడ పళ్ళు బిగించి కొడుతూనే ఉంది. చివరికి జిగురు ముక్కలై రాలింది. బొడిపెను వేలితో లాగి చూసింది, లేచింది. బూటు తొడుక్కోకుండా ఒంటికాలి బూటుతోనే లేచి నిలబడి, "కానివ్వండి" అంది.

హోయ్ట్ నెమ్మది పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం చివర ఆయన గొంతు ఆగిన చోట రాయ్‌లీన్ భుజం వంచింది. తీగ ఏడ్చింది. కోపమంతా అందులోకే దిగినట్టుంది, ఆ ఏడుపు విని డ్రమ్ములాయన తల దించుకున్నాడు. హోయ్ట్ మూడో చరణం పాడడం మరిచిపోయి, ఇంకోసారి వాయించమని చేత్తో సైగ చేశాడు.

"శుక్రవారం పొద్దున బస్సు," అన్నాడు పాటయ్యాక. "రెండు నెలలు ఊళ్ళు తిరగాలి. బయటున్న మనిషికి నేను చెప్పుకుంటాలే."

డ్వేన్ వేదిక అంచుకు వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "అది నువ్వా?"

"ఏది?"

"ఆ ఏడుపు. మీ పాత బ్యాండులో అది ఆ లెస్టర్‌గాడి స్టీల్ గిటారులోంచి వస్తోందనుకున్నానే. కచేరీ అయ్యాక ప్రతిసారీ వాడి దగ్గరికెళ్ళి, ఏడిపించేశావురా అని భుజం తట్టేవాణ్ణి."

"వాడేమనేవాడు?"

"థాంక్స్ అనేవాడు."

 రాయ్‌లీన్ గిటారు పెట్టెలో పెట్టి, మూత బిగించి, హోయ్ట్ వైపు తిరిగింది.

"శుక్రవారం కంటే ముందు బయలుదేరే బండి ఏమన్నా ఉందా?"

"సామాన్ల లారీ ఉంది. ఇవాళ సాయంత్రం పోతుంది. అందులో ఏసీ గీసీ ఉండదమ్మా."

"కిటికీ తెరుచుకుంటే చాలు," అంది రాయ్‌లీన్.