మీ మామ పండు

ఆయన పేరు సీతయ్య. చెప్పడానికి మనకేం అడ్డు లేదు గానీ, ఆయన భార్య భీమమ్మ నలభై ఏళ్ల కాపురంలో ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పి పంపింది, ఈమె నమ్మింది. అంతటితో ఆగినా బాగుండేది. పేరులో సగం కలిసిందని సీతాఫలాన్ని కూడా నోట రానిచ్చేది కాదు. "ఆయన పండు" అనేది, కొడుకు దగ్గరైతే "మీ నాయిన పండు" అనేది. బల్మూర్ చుట్టుపక్కల గట్లన్నీ సీతాఫలం చెట్లే. పండ్ల కాలం వచ్చిందంటే ఈమె తిప్పలు చూసి నవ్వని ఆడది ఊళ్లో లేదు.

జొన్నకల్లు మాత్రం ఆమె చేసినట్టు ఎవరూ చేయలేరు. మొలకెత్తిన జొన్నలు ఎండబెట్టి, తిరగలిలో విసిరి, ఆ పిండిని చల్లారిన అంబలిలో కలిపి, కుండమూతికి గుడ్డ కట్టేది. ఆబ్కారీ జవాను కంట పడకుండా దాన్ని మూడు దినాలు గడ్డివాములో దాచేది. పులిశాక సీతయ్య గట్టు మీది పండ్లు తెచ్చి, గింజలు తీసి, గుజ్జు ఆమె చేతిలో పెట్టేవాడు. వేడి తగిలితే ఆ గుజ్జు చేదవుతుంది, గింజ నలిగితే కుండంతా పాడు. అందుకని ఆ పని వాళ్లిద్దరూ ఇంకొకరికి అప్పగించలేదు. ఏడాదికి ఒక్క కుండ, దసరా దాటాక.

జర్మనీ లడాయి నడుస్తున్న ఆ ఏడు లెవీ పేరుతో సర్కారువాళ్లు జొన్నలు కొలుచుకుపోయారు. అయినా భీమమ్మ నాలుగు సేర్లు దాచింది. మొలకల పిండి సిద్ధమైంది, పండ్లు కళ్లు విచ్చాయి, సరిగ్గా అప్పుడే సీతయ్యకు జ్వరం తగిలింది. ఐదోనాటికి పోయాడు. పోయే ముందు ముంతెడు కల్లు అడిగాడు. అప్పటికింకా కుండ పెట్టనే లేదు. మొగుడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ ముంతెడు కల్లు పోయలేకపోయిన దుఃఖం ఒక ఎత్తు అయింది భీమమ్మకు. పదోనాడు పిట్టకు పెట్టేటప్పుడైనా అది ఆయనకు అందాలి. ఆమెకిక వేరే కోరిక లేదు.

మొగుణ్ణి పోగొట్టుకుని మూల కూర్చున్న మనిషి కుండ ముట్టకూడదు. పని కోడలు జములమ్మ మీద పడింది. ఆ పిల్ల రాజోలి దిక్కు నుంచి వచ్చి ఏడాది కాలేదు, ఈ ఇంటి కల్లు రుచి ఎరగదు. భీమమ్మ మూల నుంచే అన్నీ విడమరిచి చెప్పింది. ఆఖరున, "పులిసినంక మీ మామ పండు ఎయ్యి బిడ్డా. అదంటే మీ మామకు పానం" అంది. జములమ్మ తల ఊపింది.

పదోనాడు వాగు ఒడ్డున మోదుగాకు దొప్పల్లో రొట్టె, కోడికూర, చుట్ట పెట్టారు. పక్కన కల్లు ముంత పెట్టారు. పిట్ట వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. తుమ్మకొమ్మ మీది కాకులు దిగలేదు.

ఇలాంటప్పుడు మిగిలిన కోరిక ఏమిటో ఊహించి, తీరుస్తామని మాట ఇస్తారు. అమ్మను కడుపులో పెట్టి చూసుకుంటానన్నాడు కొడుకు మద్దిలేటి. గట్టు తగాదా ఇవ్వాళ్టితో వదిలేశానన్నాడు పాలివాడు బుచ్చన్న. కాకులు వినిపించుకోలేదు. జనం చూపులు మెల్లగా జములమ్మ మీదికి మళ్లాయి. కొత్త కోడలు పెట్టిన కుండ కదా, ఏ అంటు కలిసిందోనని గొణిగారు. ఏ ఇంట్లో ఏం తప్పినా ముందు కనిపించేది కోడలే.

భీమమ్మ లేచి వెళ్లి ముంత వాసన చూసింది. ఎండు రేగుపండ్ల పులుపు గుప్పున కొట్టింది. ఏం పండు వేశావని కోడలిని అడిగింది.

"మామ పండ్లే ఏసిన అత్తా. చేన్ల ఏరి ఉట్టి మీద దాసిండు గద, ఆ రేగుపండ్లు" అంది జములమ్మ.

తాను ఏమని చెప్పిందో భీమమ్మకు గుర్తొచ్చింది. పిల్ల తప్పేముంది? మామ ఏరిన పండు మామ పండే కదా. ఇప్పుడైనా మీ నాయిన పండు తెమ్మంటే మద్దిలేటికి అర్థమవుతుంది, పేరు పలకకుండానే పని జరిగిపోతుంది. కానీ మామ ఆఖరి కోరిక చెడగొట్టిన కోడలన్న మాట ఈ పిల్లకు బతికినన్నాళ్లూ ఉండిపోతుంది. భీమమ్మ గొంతు పెంచి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"తప్పు నాది. పేరు పెట్టి చెప్తే పిల్లకు ఎరికైతుండె. సీతాఫలం. పోయి సీతాఫలం తే కొడుకా."

ఆడవాళ్లు నోటి మీద చేయి వేసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. మద్దిలేటి గట్టు మీదికి పోయి నాలుగు పండ్లు తెచ్చాడు. కుండ ముట్టకూడదన్న మాట ఎవరో గుర్తు చేయబోతే బుచ్చన్న ఊరుకోమన్నాడు. భీమమ్మ ఒక్కో గింజా తీసి, గుజ్జు పిసికి, ఇంట్లో పండు కలపకుండా మిగిలిన కల్లు తెప్పించి కలిపింది. కొత్త ముంతలో పోసి నేల మీద పెట్టింది.

"సీతయ్యా" అంది. "సీతయ్యా, తాగి పో."

కాకి దిగింది. అటూ ఇటూ చూసి ముంత అంచు మీద వాలి ముక్కు ముంచింది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని లేచారు, వాగులో కాళ్లు కడుక్కుని ఇంటిదారి పట్టారు. భీమమ్మ అక్కడే కూలబడింది. జములమ్మ రెక్క పట్టి లేపబోయింది, ఇక ఆ పేరు అనొద్దు అత్తా అని బతిమాలింది.

"అననీ బిడ్డా. ఇంక తగ్గనీకి ఏమున్నది" అంది భీమమ్మ, ఏడుస్తూ మళ్లీ పిలిచింది.