వెనక స్పీకర్ల దూరం

తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక సిద్దిపేటలో బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. సుఫియాన్‌కు మాత్రం పని తగ్గలేదు. ఉద్యోగులు పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి టీవీలో తమను తాము చూసుకునేవాళ్లు. తన నినాదం తనకు గట్టిగా వినిపించాలని ఎవరికి ఉండదు? అటక మీద మూలుగుతున్న హోమ్ థియేటర్లన్నీ కిందికి దిగాయి.

ఏ ఇంటికి వెళ్లినా అతని పద్ధతి ఒకటే. సోఫాలో ఎవరెక్కడ కూర్చుంటారో చూసుకుని, ముందు స్పీకర్లు, మధ్యది, వెనక రెండు, మూలకు బేస్ డబ్బా సర్దుతాడు. తర్వాత ఇంటి పెద్దను అడుగుతాడు, "ఏ తీగె వెయ్యాలె?" అని. కోయాక్సియల్ తీగె వేస్తే సినిమా శబ్దం ఒక్కటే వస్తుంది. కొసన ఎర్ర వెలుతురు కనిపించే ఆప్టికల్ తీగె వేసి, సెట్టింగుల్లో బిట్‌స్ట్రీమ్ పెడితే, ఆ గదిలో ఒకప్పుడు మాట్లాడిన మాటలు కూడా వెనక స్పీకర్లలో వస్తాయి. స్పీకర్ల దూరం ఒక అడుగు పెంచితే ఏడాది కిందటివి, రెండడుగులు పెంచితే రెండేళ్ల కిందటివి. టీవీ ఆపి పెట్టిన ప్రతిసారీ అవే మొదటి నుంచి వస్తాయి. ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే. కొత్తగా పెళ్లయినవాళ్లు కోయాక్సియల్ చాలంటారు. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఆప్టికల్ అడుగుతారు. అన్నదమ్ములు వేరుపడబోయే ఇళ్లలో అయితే తీగె దగ్గరే తగువు మొదలవుతుంది.

దామోదర్ ఆలోచించనైనా లేదు.

"కోయాక్సియలే వెయ్యి తమ్మీ. పాత ముచ్చట్లతోని మనకేం పని? ముందుకు వోవాలె" అన్నాడు. ఉద్యమంలో ఆ పేటకంతా ఆయనే పెద్ద. కండువా సర్దుకుంటూ కారెక్కబోయి వెనక్కి తిరిగాడు. "నీ కేసు సంగతి యాదికున్నది. నేనున్న గద."

ఆ మాట కోసమే సుఫియాన్ ఆ ఇంటి గడప తొక్కుతున్నాడు. పోయిన చలికాలం రాజీవ్ రహదారి మీద రాస్తారోకో జరిగినప్పుడు ఎవరో విసిరిన రాయికి బస్సు అద్దం పగిలింది. సుఫియాన్ ఆ రోజంతా వాళ్ల బాపు ఫక్రుద్దీన్ ఊరికే ఇచ్చిన మైకు సెట్టు దగ్గరే ఉన్నాడు, రాయి ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా కేసులో అతని పేరు ఎక్కింది. అప్పటికే దుబాయి వీసా చేతికొచ్చింది. పెద్ద పెద్ద సినిమా హాళ్లకు సౌండు బిగించే కంపెనీలో పని. కేసు తేలేదాకా కదలడానికి లేదన్నారు పోలీసులు; ఏడాదిదాకా ఆగుతామంది కంపెనీ.

ఆ రోజు స్టేషన్‌కు తీసుకుపోయినవాళ్లలో ఎల్లన్న ఒక్కణ్ణే సాయంత్రానికి వదిలేశారు. ఇంకేముంది, సుఫియాన్ పేరు చెప్పింది వాడేనని ఊరు తేల్చేసింది. ఎల్లన్న ఎవరో పరాయివాడు కాదు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే నిచ్చెన ఎక్కి మైకు తీగెలు కట్టినవాళ్లు. అయినా సుఫియాన్ వాణ్ణి ఒక్క మాట అడగలేదు. ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడు. ఎల్లన్న తల్లి నర్సమ్మ రంజానుకు సేమ్యాలు పట్టుకొస్తే గడప బయటి నుంచే పంపేశాడు. కొన్నాళ్లు చూసి ఎల్లన్న బొంబాయి పక్కన భివండి మగ్గాలకు వెళ్లిపోయాడు. పీడ పోయిందనుకున్నాడు సుఫియాన్.

తీగె బిగించడం అయిపోయేసరికి దామోదర్ భార్య ప్రమీలాదేవి చాయ తెచ్చింది. ఇచ్చి పోకుండా అక్కడే నిలబడింది.

"సుఫియాన్, మా అవ్వ మాట ఒక్కసారి ఇనిపిస్తవా?"

"అన్న వద్దన్నడు గదక్కా."

"ఆయన రాంగ మళ్ల మార్చు. ఏడాదైతుంది తమ్మీ, గా గొంతు ఇనక."

ఆమె తల్లి లక్ష్మీబాయి ఆఖరి రోజులు ఆ హాల్లోనే, కిటికీ పక్క మంచం మీద గడిపింది. మైకు సామాను కోసం వచ్చిన ప్రతిసారీ సుఫియాన్‌కు అన్నం పెట్టించేది. అతనికి కాదనబుద్ధి కాలేదు. తీగె మార్చాడు. బిట్‌స్ట్రీమ్ పెట్టాడు. వెనక స్పీకర్ల దూరం ఒక అడుగు పెంచాడు.

"బిడ్డా, పాలు పొంగుతున్నయి సూడు" అంది లక్ష్మీబాయి, ఎడమ స్పీకర్‌లోంచి.

ప్రమీలాదేవి అలవాటుగా వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగిపోయింది. సోఫాలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె దగ్గింది, మంచినీళ్లడిగింది, ఎవరినో తిట్టింది. సుఫియాన్ చాయ గుక్కెడు తాగాడు. అంతలో కుడి స్పీకర్‌లో దామోదర్ గొంతు వచ్చింది. ఫోన్లో మాట్లాడుతున్నట్టుంది, అవతలి మనిషి మాట లేదు. గది విన్నది ఇటువైపు మాటే కదా.

"మనోళ్ల పేర్లు వద్దు సార్... ఎవలదో ఒకరిది గావాలె గద? మైకు సెట్టు ఫక్రుద్దీన్ కొడుకున్నడు, సుఫియాన్. రాస్కోండ్రి... ఎల్లన్నా? వాడు ఎవ్వల పేరు చెప్తలేడా? అయితే వాణ్ణి ఇడిసిపెట్టుండ్రి సార్. వాడే చెప్పిండనుకుంటరు. మన మీదికి రాదు."

సుఫియాన్ చేతిలో కప్పు అలాగే ఉంది. ప్రమీలాదేవి అతని వైపు చూడలేదు. స్పీకర్‌లో తలుపు చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, తర్వాత ఎల్లన్న.

"అన్నా, నీ కాల్మొక్త. సుఫియాన్ పేరు తీసేపియ్యి. నాది వెట్టమను. నాకేమున్నది గీడ? వానికి దుబాయి వీసా అచ్చింది."

"సూద్దాం తీయ్" అన్నాడు దామోదర్.

"ఎల్లయ్యా, ఇంత బువ్వ తినిపో బిడ్డా" అంది లక్ష్మీబాయి.

"వద్దవ్వా" అన్నాడు ఎల్లన్న. అక్కడికి కరెంటు పోయింది. సమ్మెతో బొగ్గు ఆగి, వేళాపాళా లేని కోతలు.

చప్పుడాగిన ఆ హాల్లో సుఫియాన్‌కు ముందు సిగ్గేసింది. దామోదర్ మీద కోపం తర్వాత వచ్చింది. ఎల్లన్నను ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. ఆ ఒక్క మాటకు తనకు నోరు రాలేదు.

కరెంటు రాగానే అనుకున్న ప్రకారం లేచి కోయాక్సియల్ తీగె చేతిలోకి తీసుకున్నాడు. మార్చేస్తే కేసు పోతుంది, దుబాయి ఉంటుంది. మార్చకపోతే రెండూ తారుమారు.

"మార్చాల్నా అక్కా?"

ప్రమీలాదేవి కళ్లు తుడుచుకుంది. "సాయంత్రం వార్తలకు శిబిరమంత ఈడికే అస్తది" అంది. అతని చేతిలోని తీగెను చూసి, "నువ్వు చెప్పు తమ్మీ. నష్టం నీకే ఎక్కువ" అంది.

సుఫియాన్ తీగెను చుట్ట చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఎర్ర వెలుతురు ఆప్టికల్ తీగె ఉన్నచోటే ఉంది.

ఆ సాయంత్రం శిబిరమంతా ఆ హాల్లో కూర్చుని వార్తలు చూసింది, వెనక స్పీకర్లలో వచ్చింది కూడా వింది. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు. చాయ తాగకుండా ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. మర్నాటి నుంచి శిబిరంలో దామోదర్ కుర్చీకి అటూ ఇటూ ఎవరూ కూర్చోలేదు. ఊరు ఎల్లన్నకు ఏ శిక్ష వేసిందో ఆయనకూ అదే వేసింది. ఆయన సుఫియాన్ కేసు సంగతి మళ్లీ ఎత్తలేదు. వీసా గడువు దాటిపోయింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగ్గానే సుఫియాన్ భివండి వెళ్లాడు. నర్సమ్మ ఇచ్చిన సకినాల డబ్బా సంచిలో ఉంది. షెడ్డులో మరమగ్గాల చప్పుడుకు నేల అదురుతోంది. ఎల్లన్న బనీను నిండా దూది నూగు. సుఫియాన్‌ను చూసి నవ్వబోయి మానేశాడు. సుఫియాన్ దారి పొడుగునా కూడబలుక్కున్న మాట చెప్పాడు.

ఎల్లన్న చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఇనవస్తలేదురా. గీ సప్పుడుకు చెవులు వోయినయి. గట్టిగ అను."

సుఫియాన్ ఇంకాస్త గట్టిగా అన్నాడు. తర్వాత అరిచాడు. పక్క మగ్గాలవాళ్లు తలలు తిప్పి చూశారు. ఎల్లన్న పెదవుల కేసే చూశాడు కాని, అర్థమైనట్టు లేదు. చివరికి తనే అడిగాడు, ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నట్టు.

"దుబాయి వోయినవా మరి?"

"పోలే" అన్నాడు సుఫియాన్, నెమ్మదిగా.

ఆ ఒక్క మాట ఎల్లన్నకు వినిపించింది. కళ్లు దించుకుని, తెగిన పోగును ముడివేయడానికి మగ్గం మీదికి వంగాడు.