మెత్తటి పైపు

ఎండ ఎక్కకముందే నీళ్ల ప్లాంటు ముందు జనం బారులు తీరారు. బిందెలు, డబ్బాలు, నడుమ పిల్లల అల్లరి. చూసినవాళ్లకు ఆ వీధి శుభ్రంగా బతకడం నేర్చుకుందనే అనిపిస్తుంది. క్యూలో నిలబడ్డ కాలేజీ కెమిస్ట్రీ మేడమ్ చూపు మాత్రం బిందెల్లోకి నీళ్లు వదిలే మెత్తటి ప్లాస్టిక్ పైపు మీదే ఉంది. ఆ ప్లాంటు ఆమె సొంత అన్నయ్యది.

ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే రసాయనాలు నీళ్లలోకి దిగితే కంటికి కనపడవు, నాలుకకు తెలియవు. వాటిని పట్టుకోవడానికి పెద్ద ల్యాబులు బోలెడు ద్రావకం, బోలెడు ఖర్చు అంటాయి. ముందురోజు ఆమె కాలేజీ ల్యాబులో గాజు గొట్టంలో ఈ ప్లాంటు నీళ్లు కాసిని పోసి, కొన్ని చుక్కల ద్రావకం చిమ్మింది. పాలలా తెల్లబడ్డ ఆ నీళ్లను యంత్రంలో గిర్రున తిప్పితే అడుగున ఒక్క బొట్టు దిగింది. నీళ్లలోని రసాయనమంతా దాదాపు ఆ బొట్టులోకే చేరింది. అక్కడి పాత పరికరం దాన్ని ఇట్టే పట్టేసింది. ఇప్పుడు ఆమె క్యూ దాటి అన్నయ్య దగ్గరికి వెళ్లింది.

"ట్యాంకులో నీళ్లు బాగానే ఉన్నాయన్నయ్యా. ఈ మెత్తటి పైపు దాటాకే చెడుతున్నాయి. తీసెయ్."

"మెల్లగా మాట్లాడు! నీ సీసాకే ఏదో అంటుకుని ఉంటుంది."

"ఆ అనుమానంతోనే ఏమీ కలవని నీళ్లతోనూ చేశా. అదే సీసా. ఏమీ రాలేదు."

"సొంత చెల్లెలివై నన్ను వీధిన పడేస్తావా?"

"తాగేది వీధివాళ్లు. వీధిలోనే చెప్తా." ఆమె జనంవైపు తిరిగి గొంతు పెంచింది. "గాజు సీసాల్లో నీళ్లు పట్టుకురండి. మీ కళ్లముందే పరీక్షిస్తా!"

"తాగితే చచ్చిపోతామా ఏంటమ్మా?" అన్నాడు దర్జీ తాత.

"ఇవాళే ఏం కాదు తాతా. అందుకేగా ఎవరూ పట్టించుకోనిది! కడుపులో బిడ్డ దగ్గర్నుంచి రోజూ లోపలికి పోతుంటే?"

"సీసా తెచ్చినవాళ్లకి నీళ్లు బంద్!" అన్నయ్య అరిచాడు. సీసాల కోసం ఇళ్లవైపు కదిలినవాళ్లు మళ్లీ క్యూలోకొచ్చారు.

లోపల్నుంచి నిండు కడుపుతో వదిన వచ్చింది. మోటారు ఆపి, పైపు ఊడబెరికింది.

"కొందరికెందుకు, అందరికీ బందే. స్టీలు గొట్టం వచ్చేదాకా ఒక్క బిందె నిండదు."

"నీకేమైనా పిచ్చా?"

"నేనూ ఇవే తాగుతున్నానండీ!"

సాయంత్రానికి గొట్టం మారింది. అన్నయ్య మాత్రం చెల్లెలితో మాట్లాడడం మానేశాడు. ఆమె ఆ బాధ దిగమింగింది, పని ఆపలేదు. మిగతా వీధులనుంచీ గాజు సీసాలు ఆమె కాలేజీ ల్యాబుకు రాసాగాయి.

"ఇది కాలేజీనా, నీళ్ల ఆఫీసా?" ప్రిన్సిపాల్ గుడ్లురిమాడు. "ఎవరి అనుమతితో చేస్తున్నారిదంతా?"

ఆమె చేతిలోని సీసా దించలేదు.

"దాహమైనవాళ్ల అనుమతితో సార్. తాగే నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కు తాగే ప్రతి మనిషికీ ఉంది."